ఆప్తవాక్య మెవరిది?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నల్లజాతి స్త్రీలకు రొమ్ము కాన్సరు తెల్లజాతి స్త్రీలకంటె కొంచెము తక్కువగానే వచ్చుచున్నది. కాని యా వ్యాధిచే మరణించుట మాత్రము వారిలో నూటికి సుమారు 40 వంతులు హెచ్చుగా నున్నది. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూచిన వారికి, తక్కువగా వచ్చు రోగ మెక్కువగా నేల చంపుచున్నదను ప్రశ్న పుట్టక మానదు. రోగస్వభావమున కొంత కారణము గలదు. మందులకు సులభముగా లొంగని యొక తెగ గడ్డ ఆ స్త్రీలలో రెట్టింపుగా కనబడుచున్నది. అంతమాత్రమున లెక్క సరిపోదు. 1980 ప్రాంతమునకు పూర్వము ఉభయజాతుల మరణములలో నింత యంతరము లేదు. మంచి చికిత్సలు వచ్చిన పిమ్మటనే యది యేర్పడి పెరిగినది. అనగా ఆ చికిత్సలు ఒకరి గుమ్మమువఱకు వచ్చి, వేఱొకరి వీథి చివర నిలిచిపోయినవి.

ఈ యంతరమును తీర్చుటకు పలువురు సూచించుచున్న యుపాయము సెల్‌ఫోను ద్వారా ఆరోగ్యబోధ. ఆ దేశమున పెద్దవారిలో నూటికి 90 మంది చేతిలో నట్టి ఫోను గలదు. పేదలలో ననేకులకు ఇంటర్నెట్టునకు అదియొక్కటే దారి. మాత్రవేళను గుర్తుచేయు సందేశములును, చికిత్సను వివరించు చిత్రపాఠములును పంపినచో ప్రాణములు నిలుచునని వారి యాశ. విద్యనే వృత్తిగా గైకొన్న మాకు ఇది వినుట సంతోషకరమే. అజ్ఞానమే అనర్థములకు మూలమని నమ్మిన పెద్దల నీడను మేము పెరిగితిమి. అయినను ఒక ధర్మసందేహము మమ్ము విడువకున్నది. ఆసుపత్రిలోని లోపమునకు రోగికి పాఠము చెప్పుట న్యాయమా?

మన నైయాయికులు శబ్దమును ప్రమాణములలో నొకటిగా నంగీకరించిరి; కాని యే శబ్దమునైనను గాదు, ఆప్తుని శబ్దమును మాత్రమే. ఆప్తుడనగా విషయమును ఉన్నదున్నట్లు ఎఱిగి, దానిని ఎదుటివానికి అట్లే తెలుపగోరువాడు. ఈ లక్షణము ఋషికిని ఆర్యునకును మ్లేచ్ఛునకును సమానమేయని వాత్స్యాయనుడు తన భాష్యమున చెప్పెను. (కామసూత్రముల వాత్స్యాయనుడు గాడు, న్యాయభాష్యకారుడు.) జాతినిబట్టి ప్రామాణ్యము రాదనుటకు ఆ కాలమున కొంత ధైర్యము వలసియుండును. ఫోనులో సందేశము నందుకొన్న నల్లజాతి స్త్రీ మొదట విచారించునదియు నిదియే: దీనిని పంపినవారు నాకు ఆప్తులా?

ఆ విచారణ ఊరక పుట్టినది గాదు. మిసిసిపీలో ఓటుహక్కునకై పోరాడిన ఫానీ లూ హేమర్ 1961లో ఒక గడ్డను తీయించుకొనుటకు ఆసుపత్రికి పోగా, ఆమె యనుమతి లేకయే గర్భసంచిని తీసివేసిరి. 1977లో ఆమె మరణించునప్పటికి రొమ్ము కాన్సరుతో బాధపడుచుండెను. కవయిత్రి యగు ఆడ్రీ లార్డ్‌కు 1978లో ఒక రొమ్మును తీసివేసిన తరువాత, ఓదార్చుటకై వచ్చిన కార్యకర్త్రి యొకతె లోన పెట్టుకొనుమని యొక మెత్త నిచ్చినది. అది లేత గులాబివన్నెది. నల్లని మేనిపై ఆ రంగు బట్టలోనుండి వికృతముగా కనబడినదని లార్డ్ 1980లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసికొన్నది. ఇచ్చినామె మేలు చేయవచ్చినదే. ఆమె మనసున కీడు లేదు. ఆ మెత్తను కుట్టించినవారి యూహలో రోగి యనగా తెల్లని స్త్రీ, అంతే. ఆరోగ్యబోధ యనిన మాట విన్నపుడెల్ల మాకా మెత్తయే జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఇక మా సంగతియు చెప్పవలెను. మా పాఠశాలలో పిల్లవాడు బడికి రానియెడల తల్లిదండ్రులకు ఫోనులో సందేశము పోవు నేర్పాటు గలదు. ఆ వాక్యములను కూర్చినవారము మేమే. భాష నిర్దుష్టముగా నున్నదని కొంత గర్వించితిమి కూడ. ఒకనా డొక తల్లి గుమ్మమున నిలిచి, “మాష్టారూ, మీ ఫోను నాలుగు రోజులనుంచీ మమ్మల్ని మందలిస్తూనే ఉంది. వాడికి జ్వరమని చెబుదామంటే దానికి చెవులు లేవాయె!” అనినది. మేము తల వంచుకొంటిమి.

చెవులు లేని సందేశము అమెరికాలోను పరీక్షింపబడినది. శస్త్రచికిత్స పిమ్మట వ్యాధి మరల రాకుండుటకు చాలమంది స్త్రీలు అయిదేండ్లు, ఒక్కొక్కప్పుడు పదియేండ్లు, దినమున కొక మాత్ర వేసికొనవలసియుండును. దానివలన కీళ్లనొప్పులును, ఒడలంతయు ఆవిరు లెగయుటయు కలుగుటచే పలువురు నడుమనే మానివేయుదురు. మానువారిలో నల్లజాతి స్త్రీల పాలెక్కువ. అన్ని జాతుల స్త్రీలును 700 మందికి పైగా చేరిన యొక పరిశోధనలో, కొందఱికి వారమునకు రెండుమార్లు చొప్పున మూడేండ్లు సందేశములు పంపిరి. ఫలితము 2020లో ప్రకటింపబడినది: సందేశము లందినవారును అందనివారును ఇంచుమించు ఒకే తీరున మానిరి. మఱచినవారికొఱకు గంట కొట్టవచ్చును. నొప్పికి తాళలేక మానినదానికి గంట యేల?

దీనికి భిన్నమైన ప్రయత్నము నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలోను, పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గులోను జరిగినది. అచ్చట పాఠము ఆసుపత్రికి చెప్పిరి. రొమ్ము కాన్సరో ఊపిరితిత్తుల కాన్సరో తొలిదశలో నున్న రోగి చికిత్సకు రాకున్నచో, కంప్యూటరు హెచ్చరిక రోగికి గాక సిబ్బందికే పోవును. అందులకై నియమింపబడిన నర్సు రోగితో మాటలాడి, ఏల రాలేదో తెలిసికొని, ఆ యడ్డంకిని తొలగింప యత్నించును. ఏ జాతివారికి చికిత్స ఎంతవఱకు పూర్తియగుచున్నదో వైద్యులకే లెక్కలు చూపిరి. పూర్వము నల్లజాతి రోగులలో నూటికి 80 మందికిని, తెల్లవారిలో 87 మందికిని చికిత్స పూర్తియగుచుండెను. 2019లో ప్రకటించిన లెక్కలో మొదటివారు 88, రెండవవారు సుమారు 90. తెల్లవారికిని మేలే కలిగినదని గమనింపవలెను.

నర్సునకు జీతమీయవలెను, సందేశమునకు ఖర్చులేదు గదా యని మా మిత్రు డొకడు వాదించెను. మా భయ మాచౌకను గూర్చియే. రేపా స్త్రీ మరణించినచో, “మేము చెప్పియే యుంటిమి” అని ఆసుపత్రి చేతులు కడిగికొనుటకు ఆ సందేశము సాక్ష్యమగును. బోధ బోధకునికి రక్షరేకైన నాడు అది విద్య గాదు.

బోధయే వలదని మే మనుట లేదు. సెయింట్ లూయిస్ నగరమున సుమారు 500 మంది నల్లజాతి స్త్రీలలో కొందఱికి రొమ్ముపరీక్షను గూర్చిన వివరములను, కొందఱికి ఈ వ్యాధినుండి బ్రతికి బయటపడిన నల్లజాతి స్త్రీలు తమ కథలను తామే చెప్పుకొనిన చిత్రమును చూపిరి. 2010లో తెలిపిన ప్రకారము, మొత్తముమీద పరీక్ష చేయించుకొనుటలో పెద్ద భేదము రాలేదు. చదువు మిక్కిలి తక్కువైన స్త్రీలలో మాత్రము కథ విన్నవారే ఎక్కువగా చేయించుకొనిరి. ఆప్తత యనగా నేమో వారికి భాష్యము చెప్పనక్కఱలేకపోయినది.

మన తెలుగు ఇండ్లనుండి పోయిన వైద్యులును, కంప్యూటరు పనివారును ఆ దేశపు ఆసుపత్రులలో ననేకు లున్నారు. సెలవులకు వచ్చిన వారిని మేము జీతమెంతయని యడుగుచున్నాము. ఈ మా రడుగదలచినది వేఱు: నాయనా, మీరు కూర్చిన యంత్రమునకు ఆమె నడిరేయి “ఈ మాత్ర నావల్ల గాదు” అని జవాబు వ్రాసినచో, దానిని చదువువా రెవరు?