కల్పిత మతములు

కథకుడు లేని కొండను కల్పించినచో నెవ్వరును ఆక్షేపింపరు. లేని యేటిని, లేని రాజ్యమును కల్పించినను ఆక్షేపణము లేదు. కాని లేని దేవతను కల్పించి, ఆ దేవతకు పూజారులను, దీక్షలను, బలులను ఏర్పరచునప్పుడు మాత్రము ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. ఈ కల్పనకు హద్దు కలదా? కలదేని దాని నెచ్చట గీయవలెను?

ఈ ప్రశ్న నేటి గృహములకు సంబంధించినదే. 1974వ సంవత్సరమున అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అను నిరువురు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను నొక యాటను వెలువరించిరి. బల్లచుట్టును కూర్చున్నవారిలో నొకడు కథ నడుపును. తక్కినవారు ఒక్కొక్క పాత్రను ధరింతురు. సందేహస్థలములయందు పాచికలు ఫలమును నిర్ణయించును. కథ నడుపువాడు తన లోకమునకు వలసిన దేవతలను, మఠములను, రహస్యసంఘములను తానే సృష్టించుకొనవచ్చును. ఇట్టి యాటలను ఇప్పుడు మన దేశపు యువకులును ఆడుచున్నారు.

మన ప్రాంతమువారి కీ విద్య క్రొత్త కాదు. తెనాలికి చెందిన చక్రపాణిగారు నాగిరెడ్డిగారితో కలిసి 1947 జూలైలో "చందమామ"ను స్థాపించిరి. 1909లో తెనాలిలో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980లో మరణించువరకు ఆ పత్రికను తీర్చిదిద్దిరి. దాసరి సుబ్రహ్మణ్యంగారి "తోకచుక్క" 1954లో అందు ప్రారంభమైనది. తరువాత వచ్చిన "మకరదేవత", "శిథిలాలయం", "భల్లూక మాంత్రికుడు" అను సీరియళ్ల పేర్లు వినినంతనే వాని లోకమెట్టిదో తెలియును. కుటుంబరావుగారు హేతువాది. హేతువాది చేతిలోని పత్రికలో మాంత్రికు లేల? నమ్మనిదానిని పిల్లల కందించుట వంచన కాదా?

కాదని మా యభిప్రాయము. వినువానిని నమ్మింపజూచినప్పుడే అసత్యము వంచన యగును. "అనగా అనగా" అన్న మాట చెవిని పడగానే తా నెచ్చటికి పోవుచున్నాడో బాలునికి తెలియును. లేదని యెరిగియుండియే, కోరి, ఉన్నట్లు భావించుటకు మన తార్కికులు ఆహార్యజ్ఞానమని పేరు పెట్టిరి. కావ్యపాఠకుడు తన యవిశ్వాసమును ఇచ్ఛాపూర్వకముగా కొంతసేపు ప్రక్కన బెట్టునని ఆంగ్లకవి కోల్‌రిడ్జి 1817లో చెప్పినదియు నించుమించుగా నిదియే. ఇంతియే కాదు. దీక్షావస్త్రము, రహస్యమంత్రము, ప్రశ్నించినవానికి శాపము అను సామగ్రితో ఒక మఠమును కట్టి చూచిన బాలుడు, రేపు కపటగురువు కట్టిన మఠమును ఇతరులకంటె ముందుగా గుర్తింపగలడు. కావున ఈ కల్పన వివేకమునకు శత్రువు కాదు.

అయినను సందేహ మింతటితో తీరదు. కల్పన శూన్యమునుండి పుట్టదు. విచిత్రమైన మతము కావలసివచ్చినప్పుడు కథకుని చూపు మొదట నెవరిమీద పడును? అడవులలో నుండువారిమీద, పూసలు ధరించువారిమీద, మన భాష మాటాడనివారిమీద. వారికి నరబలిని అంటగట్టి, నాయకునిచేత సంహరింపజేయుట మిక్కిలి సులభమైన త్రోవ. దీని ఫల మెట్టిదో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. బాపట్లకు సమీపమున స్టూవర్టుపురమున్నది. ఎరుక చెప్పు స్త్రీని మన కవులు ముచ్చటగా వర్ణించిరి. ఆమె జాతివారినే నేరజాతుల చట్టముక్రింద అచ్చట నివసింపజేసి, సాల్వేషన్ ఆర్మీవారి పాలన కప్పగించిరి. 1871లో పుట్టి, 1911 శాసనముచే మద్రాసు రాజధానికి వ్యాపించిన ఆ చట్టమునకు మూలము, దొంగతనము కొన్ని జాతులకు కులవృత్తి యను నూహ. అదియు నొక కల్పనయే. కాని దానిని చేసినవారు కల్పన యని యెరుగరు. అనుభవించినవారు బల్ల విడిచి లేచిపోజాలరు. 1952లో చట్టము రద్దయినది గాని నింద రద్దుకాలేదు. 1991లో సైతము "స్టూవర్టుపురం దొంగలు" అను పేర చలనచిత్రము వెలువడినది. చేతబడి చేసిరన్న యనుమానముతో నిర్దోషులను చంపిన వార్తలను నేటికిని తెలుగు పత్రికలలో చదువుచున్నాము.

అట్లయిన కల్పన మానవలెనా? మానవలదు, దానిని సంపూర్ణము చేయవలెను. తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుదారిలో భట్టిప్రోలున్నది. 1892లో అలెగ్జాండర్ రీ అచ్చటి స్తూపమున ధాతుకరండములను కనుగొనెను. వానిమీద క్రీస్తుపూర్వపు లేఖనములు కలవు. బౌద్ధము ఈ కృష్ణాతీరమున క్రొత్తగా నడుగిడిన దినములలో, శిరోముండనము చేసికొని భిక్షాపాత్ర పట్టిన యతులు ఇచ్చటివారికి వింతగానే తోచియుందురు. కాని ఆ లేఖనములలో వింత యేమియు లేదు. కురుడను వాడు తన తలిదండ్రులతో కూడి బుద్ధధాతువులకై భరిణ నిచ్చెనని యొకచోట నున్నది. మరియొకచోట గోష్ఠిసభ్యుల పేర్లున్నవి. తండ్రి, తల్లి, కొడుకు, ఊరివారు: ఏ మతమునైనను నిలుపువారు వీరే. వెలుపలినుండి చూచువానికి వేషము కనబడును. లోపల నున్నవానికి ఇల్లు కనబడును.

కావున మేము సూచించు హద్దు ఇది. కల్పిత మతము ఎంత విచిత్రమైనను దోషము లేదు. దానికి లోపలివైపు లేకపోవుటయే దోషము. అందు పుట్టిన బిడ్డకు పేరెట్లు పెట్టుదురు? శవము నెవరు మోయుదురు? విధవకు కూడు పెట్టువారెవరు? నమ్మకము పోయినవాడు ప్రాణములతో వెలుపలికి రాగలడా? ఈ ప్రశ్నలకు సమాధానము కల్పించిన బాలుడు, ఆ మతమును ద్వేషించినను అందలి మనుష్యులను ద్వేషింపజాలడు. బ్రతికియున్న బలహీనజాతి గుర్తులను దుష్టులకు తగిలింపవలసిన యవసరమును అతనికి కలుగదు.

తలిదండ్రులు ఇట్టి యాటలను చూచి బెదరి పాచికలను పారవేయవలదు. ప్రక్కన కూర్చుండి, ఆ మఠములో అన్నము వండువారెవరని యొక్కమా టడిగినచో చాలును.