నవ్వితే లెక్క తీరిపోతుందా?



అమెరికాలో ఎన్నికల రోజులు వస్తే మన ఇళ్ళల్లో కూడా ‘సాటర్డే నైట్ లైవ్’ మాట వినబడుతుంది. ఈ వారం ఎవరు వచ్చారు, ఎవరిని ఎలా అనుకరించారు, ఆ క్లిప్ చూశావా అని పిల్లలు అడుగుతారు. న్యూయార్క్ నుంచి 1975 అక్టోబరులో మొదలైన ఈ కామెడీ షోలో ప్రతివారం ఒక అతిథి హోస్ట్‌గా ఉంటారు. ఎక్కువగా సినిమావాళ్ళు, పాటలు పాడేవాళ్ళు, ఆటగాళ్ళు వస్తారు. అప్పుడప్పుడు రాజకీయ నాయకులు కూడా వచ్చారు. 1984లో జెస్సీ జాక్సన్, 1997లో న్యూయార్క్ మేయర్‌గా ఉండగానే రూడీ జూలియానీ, 2002లో సెనేటర్ జాన్ మెకెయిన్ అక్కడ హోస్టులుగా నిలబడ్డారు. ఒక పార్టీవాళ్ళే వెళ్ళారని అనడానికి లేదు.

చూసి మీరు నవ్వి ఉంటారు, నేనూ నవ్వాను. నవ్వడం పాపమా అని ఇక్కడ అడగడం లేదు. నా ప్రశ్న వేరు. మనల్ని పాలించేవారు, పాలించాలని కోరుకునేవారు తమ మీద తామే జోకు వేసుకొని మనల్ని నవ్విస్తారు. ఆ నవ్వుతో పాటు మన చేతిలోంచి ఏం జారిపోతుంది?

ఒకే మనిషి, రెండు కుర్చీలు

1975 జూన్ 1న ప్రెసిడెంట్ జెరాల్డ్ ఫోర్డ్ ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో విమానం దిగుతూ తడి మెట్ల మీద జారిపడ్డారు. నిజానికి ఆయన మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో ఆడిన దృఢమైన మనిషి. అయినా ఆ ఏడాదే మొదలైన షోలో చెవీ చేజ్ అనే నటుడు ఫోర్డ్ వేషంలో బల్లలు గుద్దుకుంటూ, తూలి పడుతూ దేశాన్ని నవ్వించాడు. కొద్ది నెలల్లోనే ఫోర్డ్ అంటే పడిపోయే మనిషి అన్న బొమ్మ జనం మనసులో స్థిరపడిపోయింది.

వైట్ హౌస్ అప్పుడు ఒక దారి ఎంచుకుంది. 1976 ఏప్రిల్ 17న ఫోర్డ్ ప్రెస్ సెక్రటరీ రాన్ నెస్సెన్ స్వయంగా ఆ షోకి హోస్ట్‌గా వెళ్ళారు. ముందే రికార్డు చేసిన చిన్న చిన్న ముక్కల్లో ఫోర్డ్ కూడా కనబడ్డారు. అది ఎన్నికల సంవత్సరం. మమ్మల్ని చూసి మీరే కాదు, మేమూ నవ్వుకోగలం అని చెప్పడమే వాళ్ళ ఉద్దేశం.

కానీ ఆ రోజుల్లో దేశం ఫోర్డ్‌ను అడగాల్సిన పెద్ద ప్రశ్న మెట్ల గురించి కాదు. ప్రెసిడెంట్ అయిన నెలకే, 1974 సెప్టెంబరు 8న, ఆయన రిచర్డ్ నిక్సన్‌కు క్షమాభిక్ష ఇచ్చారు. పదవి కోసం ముందే బేరం కుదిరిందా అని జనం అనుమానించారు. అదే ఏడాది అక్టోబరు 17న ఫోర్డ్ తానుగా హౌస్ జ్యుడీషియరీ కమిటీలోని ఒక ఉపసంఘం ముందుకు వెళ్ళి కూర్చున్నారు. సభ్యులు అడిగారు, ఆయన జవాబు చెప్పారు. బేరమేమీ లేదన్నారు. కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు. కానీ ప్రశ్న ఎదురైంది, జవాబు రికార్డులో నిలిచింది.

ఈ రెండు కుర్చీలను పక్కపక్కన పెట్టి చూడండి. ఉపసంఘం ముందున్న కుర్చీలో ప్రశ్న ఎదుటివారి చేతిలో ఉంది. ఏది అడుగుతారో, అడిగిన దాని మీద మళ్ళీ ఏం అడుగుతారో కూర్చున్నవారికి తెలియదు. కామెడీ షో కుర్చీలో స్క్రిప్టు ముందే చేతికొస్తుంది. జోకు కాళ్ళ తడబాటు మీద ఉంటుంది, నాయకుడు చేసిన నిర్ణయం దాకా వెళ్ళదు. ఫోర్డ్ రెండు కుర్చీల్లోనూ కూర్చున్నారు కాబట్టి ఆయన్ని నేను తప్పుపట్టను. రెండో కుర్చీలో కూర్చున్నాం కదా, మొదటిది ఎందుకు అనుకున్నప్పుడే చిక్కు వస్తుంది. దాన్ని చూసే మనం కూడా అలాగే అనుకుంటే ఇంకా పెద్ద చిక్కు.

కథ నాతాను చేతిలో ఉంది

రెండవ సమూయేలు 12వ అధ్యాయం మనందరికీ తెలిసిందే. రాజైన దావీదు దగ్గరికి నాతాను ప్రవక్త వచ్చి ఒక కథ చెప్పాడు. మందలున్న ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను లాక్కున్న కథ. దావీదు మండిపడ్డాడు. ఆ మనిషివి నువ్వేనని నాతాను చెప్పేసరికి రాజుకు తప్పించుకునే దారి లేకపోయింది.

మంచి హాస్యం చేసే పని కూడా ఇదే. నేరుగా చెబితే వినని మాటను కథలో పెట్టి చెవిలో వేస్తుంది. కానీ ఇక్కడ ఒక షరతు ఉంది. కథ నాతాను చేతిలో ఉండాలి, ఏ తప్పు గురించి మాట్లాడాలో రాజు ఎంచుకోకూడదు.

ఒక్కసారి ఇలా ఊహించండి. దావీదుకు ముందే సంగతి తెలిసి, నాతానును విందుకు పిలిచి, ఆ కథను సభలో నాటకంగా వేద్దామన్నాడనుకోండి. ధనవంతుడి వేషం తానే కట్టి, గొఱ్ఱెపిల్లను పట్టుకోబోయి రెండుసార్లు కిందపడ్డాడనుకోండి. సభంతా పగలబడి నవ్వేది. మా రాజు ఎంత తగ్గింపు ఉన్నవాడో, తన మీద తానే నవ్వుకుంటాడు అని మెచ్చుకుంటూ ఇళ్ళకు వెళ్ళేవారు. ఊరియాను యుద్ధంలో ముందువరుసలో నిలబెట్టి చంపించిన సంగతి ఆ రాత్రి ఎవరికి గుర్తుండేది? కథ అదే, మాటలు అవే. చేతులు మారేసరికి పశ్చాత్తాపం రావాల్సిన చోట చప్పట్లు వచ్చాయి.

తగ్గింపు, తగ్గింపు ప్రదర్శన ఒకటి కావు. తన తూలిపాటును ఒప్పుకోవడానికి పెద్దగా ఖర్చు కాదు. తన వల్ల నష్టపోయిన మనిషి పేరు పలకడానికి చాలా ఖర్చవుతుంది.

చట్టం కొలవగలిగింది, కొలవలేనిది

ఈ దేశంలో చట్టానికి ఈ ప్రమాదం కొంతవరకు తెలుసు. 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం 315వ సెక్షన్ ప్రకారం ఒక టీవీ స్టేషన్ ఒక అభ్యర్థికి సమయం ఇస్తే, అదే పదవికి పోటీపడే మిగతావాళ్ళు అడిగినప్పుడు వాళ్ళకూ సమానంగా ఇవ్వాలి. నిజమైన వార్తా కార్యక్రమాలకు మినహాయింపు ఉంది. 2015 నవంబరు 7న అభ్యర్థిగా ఉన్న డొనాల్డ్ ట్రంప్ ఈ షోకి హోస్ట్‌గా వచ్చినప్పుడు ఆయన 12 నిమిషాల 5 సెకన్లు కనబడ్డారని ఎన్‌బీసీ లెక్క తేల్చింది. ఆ మేరకు మరికొందరు అభ్యర్థులకు సమయం దొరికింది. 2024 నవంబరు 2న కమలా హ్యారిస్ అదే షోలో కొద్దిసేపు కనబడితే, మరునాడు కార్ల రేసు ప్రసారంలో ట్రంప్ ప్రచారానికి ఎన్‌బీసీ సమయం ఇచ్చింది.

చట్టం నిమిషాలను, సెకన్లను కొలుస్తుంది. చూస్తున్నవారి గుండెలో పుట్టే ‘మనవాడే’ అన్న భావాన్ని కొలవలేదు. 1968 సెప్టెంబరులో నిక్సన్ ‘లాఫ్-ఇన్’ అనే కామెడీ షోలో కొన్ని సెకన్లే కనబడి, ఆ షోలో అందరూ అనే ఊతపదాన్ని ప్రశ్నలా అన్నారు. ఆయన ప్రత్యర్థి హ్యూబర్ట్ హంఫ్రీని కూడా పిలిస్తే ఆయన రానన్నారు. నిక్సన్ ఒక శాతం కన్నా తక్కువ ఓట్ల తేడాతో గెలిచారు. ఆ సెకన్ల వల్లే గెలిచారని ఎవరూ రుజువు చేయలేరు. కానీ బిగుసుకుపోయిన మనిషిగా పేరుపడిన నాయకుడు కొన్ని సెకన్లలో మన హాల్లోకి చుట్టంలా రావచ్చని రాజకీయాలు ఆ రోజు నేర్చుకున్నాయి.

మన తెలుగు టీవీలోనూ

ఇది అమెరికావాళ్ళ అలవాటు మాత్రమే అనుకోకండి. 2013లో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైనప్పుడు జడ్జి కుర్చీలో కూర్చున్న రోజా గారు 2014లో నగరి ఎమ్మెల్యే అయ్యారు, 2019లో మళ్ళీ గెలిచారు, అయినా ఆ కుర్చీలో కొనసాగారు. 2022 ఏప్రిల్‌లో మంత్రి అయ్యాక షో మానేశారు. మంత్రికి తగని కుర్చీ ఎమ్మెల్యేకి తగుతుందా? మీరే ఆలోచించండి. ఆమె నియోజకవర్గానికి అందుబాటులో లేరని నేను అనడం లేదు. వారం వారం కనబడటం, అందుబాటులో ఉండటం రెండూ ఒకటి కాదని మాత్రమే అంటున్నాను.

‘ఆహా’లో హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ గారు ‘అన్‌స్టాపబుల్’ నడిపారు. అది స్కిట్ల షో కాదు, సరదా కబుర్ల షో. 2022 అక్టోబరులో దానికి చంద్రబాబు నాయుడు గారు అతిథిగా వచ్చారు. 1995లో ఎన్టీఆర్ గారిని దించిన సంగతి కూడా ప్రస్తావనకు వచ్చింది. ప్రశ్న వచ్చినందుకు సంతోషమే. కానీ అడిగినవారు సొంత పార్టీ ఎమ్మెల్యే, పైగా వియ్యంకుడు. అదే ఎన్టీఆర్ గారు ముఖ్యమంత్రిగా ఉండగా, 1987లో, ఆయన మీద ‘మండలాధీశుడు’ అనే వ్యంగ్య సినిమా వచ్చింది. ఆ సినిమా న్యాయంగా ఉందా లేదా అన్నది వేరే సంగతి. కలం మాత్రం ఆయన చేతిలో లేదు.

మరి నవ్వలేని నాయకుడు మంచివాడా?

కాదు. జోకు వేసినవాడి మీద కేసు పెట్టే నాయకుడి కన్నా, జోకు విని నవ్వే నాయకుడు ఎంతో మేలు. నవ్వు మనుషులను దగ్గర చేస్తుంది, అధికారం తలకెక్కకుండా కొంత ఆపుతుంది. అన్ని నవ్వులూ ఓట్ల కోసమే కూడా కాదు. ఆల్ గోర్ 2002 డిసెంబరు 14న ఈ షోకి హోస్ట్‌గా ఉండి, మరునాడే 2004లో పోటీ చేయనని టీవీలో ప్రకటించారు. ఓటు అడగని మనిషి జోకు మన చెవికి వేరుగా వినబడుతుంది.

నేను పనిచేసే ఐటీ రంగంలో ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే, తర్వాతి మీటింగులో మేనేజర్ తన మీద ఒక జోకు వేస్తే గది తేలికపడుతుంది. అది మంచిదే. కానీ ఆ జోకుతో టికెట్ మూసేయరు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేస్తాం అని రాసి నలుగురి ముందు పెట్టాల్సిందే.

మన ఫెలోషిప్పుల్లో కూడా అంతే. క్రిస్మస్ కార్యక్రమంలో యూత్ పిల్లలు పాస్టర్ గారి పొడుగు ప్రార్థనను అనుకరిస్తే ఆయన ముందువరుసలో కూర్చుని అందరికన్నా గట్టిగా నవ్వుతారు. చూడముచ్చటగా ఉంటుంది. అయితే ఏడాది చివర కానుకల లెక్కలు చదివే రోజు వస్తుంది. ఆ నవ్వును చూసి ఆ రోజును ఎవరూ రద్దు చేయరు, చేయకూడదు.

రేపు మీ ఊళ్ళో

నాయకులు మన దగ్గరికే వస్తున్న రోజులివి. స్కూల్ బోర్డుకో, సిటీ కౌన్సిల్‌కో, కాంగ్రెస్‌కో పోటీచేసేవారు మన తెలుగు పండుగలకు వస్తారు. ‘నమస్కారం’ అని తడబడుతూ అంటారు, బిర్యానీ కారానికి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటారు, స్టేజి మీద పిల్లలతో రెండు స్టెప్పులు వేస్తారు. మనం మురిసిపోయి ఫోటోలు దిగుతాం. ఇది కూడా చిన్న కామెడీ షోనే, హోస్టులం మనమే.

ఆదరించండి, నవ్వండి, ఫోటో దిగండి. ఆ తర్వాత పది నిమిషాలు మొదటి కుర్చీ వేయండి. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న కుటుంబాల గురించి, బడిలో మన పిల్లల గురించి, ఇల్లులేక వీధిలో పడుకునే మన పొరుగువారి గురించి ప్రశ్న మీ చేతిలో పెట్టుకొని అడగండి. వారు మీకు నచ్చిన పార్టీవారైతే మరీ తప్పకుండా అడగండి.

అడిగితే అమర్యాద అవుతుందేమో అని మనలో చాలామందికి జంకు. ఆదివారం ఆరాధనలో అధికారుల కోసం ప్రార్థిస్తాం కదా. ఎవరికోసం ప్రార్థిస్తామో వారిని ప్రశ్నించడం పగ కాదు. నాతాను దావీదుకు శత్రువు కాదు. ఆ గద్దింపు తర్వాత దావీదుకు బత్షెబ వల్ల పుట్టిన కుమారుల్లో ఒకడి పేరు నాతాను అని మొదటి దినవృత్తాంతములు 3వ అధ్యాయంలో ఉంది. ప్రవక్త పేరే పెట్టాడని వాక్యం చెప్పదు. అయినా తనను గద్దించిన మనిషి పేరు ఆ ఇంట్లో రోజూ వినబడిందన్న మాట మాత్రం నిజం.