చేతిలో లేని సరుకును అమ్మవచ్చా?

బోథ్ మండలంలో పత్తి, సోయా పండించే ఇళ్ళలో అమ్మకం అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పత్తి ఏరాలి, ఆరబెట్టాలి, బండికెత్తి ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చాలి. అక్కడ తేమ చూస్తారు. తేమ 8 శాతం దాటితే సీసీఐ ధర తగ్గిస్తుంది, 12 శాతం దాటితే అసలు కొనదు. కాంటా అయ్యాకే డబ్బు మాట. సరుకు కళ్ళ ముందుంటుంది, దాని మంచిచెడ్డలు కొనేవాడు చేత్తో పట్టి చూసుకుంటాడు.

అలాంటి ఇంటి నుంచి వచ్చిన ఒక యువకుడు మొన్న ఇషా నమాజ్ తర్వాత నా పక్కన కూర్చున్నాడు. డిగ్రీ చదివాడు. పంట డబ్బులోంచి 50 వేలు తీసి ఫోనులో షేర్ల వ్యాపారం మొదలుపెట్టాడట.

"చాచా, పొద్దున ఒక షేరు 500కు అమ్మాను, మధ్యాహ్నం 490కి కొన్నాను. షేరుకు 10 రూపాయలు మిగిలాయి. ఇది హలాలేనా?"

"అమ్మినప్పుడు ఆ షేర్లు నీ దగ్గర ఉన్నాయా బేటా?"

"లేవు చాచా. బ్రోకరు ఒప్పుకుంటాడు. సాయంత్రం లోపు కొనేస్తే చాలు. పైగా ఈ బ్రోకరు కమీషన్ అందరికంటే తక్కువ."

ఆ కుర్రవాడు తెలియకుండానే రెండు ప్రశ్నలు వేశాడు. తన దగ్గర లేనిదాన్ని అమ్మడం ధర్మమా అన్నది మొదటిది. కమీషన్ తక్కువైనంత మాత్రాన వ్యాపారం మంచిదవుతుందా అన్నది రెండోది.

మొదటి ప్రశ్న కొత్తదేమీ కాదు. హజ్రత్ హకీం బిన్ హిజామ్ (రజి) వ్యాపారస్థులు. మనిషి వచ్చి తన దగ్గర లేని వస్తువు అడుగుతాడనీ, ముందు అమ్మేసి తర్వాత బజారులో కొని ఇవ్వవచ్చా అనీ దైవప్రవక్త (సల్లం)ను అడిగారు. తన వద్ద లేనిదాన్ని అమ్మవద్దని ప్రవక్త (సల్లం) ఆయనకు స్పష్టంగా చెప్పారు. తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. కొన్న ధాన్యాన్ని స్వాధీనం చేసుకోకముందే మళ్ళీ అమ్మరాదన్న ఆదేశం బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది.

ఇక్కడ మన రైతు సోదరులకు ఒక సందేహం రావచ్చు. పంట చేతికి రాకముందే వ్యాపారి దగ్గర డబ్బు తీసుకుంటాం కదా, అదీ లేనిదాన్ని అమ్మడమే కదా? ప్రవక్త (సల్లం) మదీనాకు వచ్చినప్పుడు అక్కడివారు ఏడాది, రెండేళ్ళ ముందే ఖర్జూరాలకు డబ్బు తీసుకునేవారు. ఆయన దాన్ని రద్దు చేయలేదు. కొలత, తూకం, గడువు తేటతెల్లంగా ఉండాలని షరతు పెట్టారు. దీన్నే 'సలం' అంటారు. ఇందులో పూర్తి ధర ముందే రైతు చేతికి వస్తుంది. దానితో అతను విత్తనం కొంటాడు, కూలీకిస్తాడు. గడువు రోజున నిజమైన సరుకు నిజంగానే చేతులు మారుతుంది. పొద్దున అమ్మి సాయంత్రానికి కొనేసే షేరులో ఇవేవీ లేవు. కొన్నవాడి ధర అమ్మినవాడి చేతికి రాదు, సరుకూ కదలదు. చివరికి మిగిలేది రెండు ధరల మధ్య తేడా మాత్రమే. (పేరుకు అడ్వాన్సు అని చెప్పి, రైతు అవసరం చూసి ధరను సగానికి నొక్కేసే వ్యాపారులు మన ప్రాంతంలోనూ ఉన్నారు. 'సలం' పేరు చెప్పి వారిని సమర్థించలేం.)

చదువుకున్నవారు ఇంకో వాదం తెస్తారు. షేర్లను అప్పుగా తెచ్చి అమ్మితే? అప్పు తెచ్చుకున్న వస్తువు అప్పు తీసుకున్నవాడి సొంతమవుతుందని ఫిఖ్‌లో ఉంది కదా, మరి లేనిదాన్ని అమ్మినట్లు ఎలా అవుతుంది? ఈ వాదంలో బలముంది, తేలిగ్గా తోసేయకూడదు. మన దేశంలో షేర్లు అప్పిచ్చే పద్ధతి 2008 ఏప్రిల్‌లో మొదలైంది. కానీ ఆ అప్పు ఉచితం కాదు, దానికి రుసుము చెల్లించాలి. 100 షేర్లు తీసుకుని 100 షేర్లతోపాటు అదనంగా డబ్బు ఇవ్వాలి. అప్పు మీద షరతుగా ఇచ్చే అదనం ఏమవుతుందో దివ్య ఖుర్ఆన్ చదివే ప్రతి ఇంటికీ తెలుసు. ఒక చిక్కు విప్పబోయి దానికంటే పెద్ద చిక్కులో పడ్డట్లే. 1992 మేలో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ, బ్రోకరు అప్పిస్తాడన్న హామీ మీద తన వద్ద లేని షేరును అమ్మడం ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. వడ్డీ అప్పుతో షేర్లు కొనడాన్నీ కాదంది.

ధర పడిపోతుందని పందెం కాసేవారి వల్ల సమాజానికి మేలు జరుగుతుందని వాదించేవారూ ఉన్నారు. దొంగ లెక్కలు రాసే కంపెనీలను వాళ్ళే ముందు పసిగడతారట. ఇందులో కొంత నిజముంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన లెక్కలు తప్పుడివని రాసి ఇచ్చినప్పుడు, ఆ షేరు విలువ ఒక్కరోజులో ముప్పాతిక వంతుకు పైగా పోయింది. ఆడిటర్లు, డైరెక్టర్లు ఉండి కూడా చెప్పలేదు. ఎవరైనా ముందే అనుమానించి నిలదీసి ఉంటే ఎన్నో కుటుంబాల డబ్బు మిగిలేది. అయితే మోసాన్ని బయటపెట్టడం వేరు, లేని షేరు అమ్మడం వేరు. మొదటిది సాక్ష్యం, అది ముస్లిం మీద బాధ్యత కూడా. సాక్ష్యం చెప్పడానికి పొరుగువాడి పతనం మీద మన లాభం ఆధారపడనవసరం లేదు. 1609లో హాలండ్‌లో ఐజాక్ లె మేర్ అనే వ్యాపారి తూర్పు ఇండియా కంపెనీ షేర్లను ఇలాగే అమ్మి, ధర పడగొట్టేందుకు పుకార్లు పుట్టించాడన్న ఆరోపణ ఎదుర్కొన్నాడు. మరుసటి ఏడాదే అక్కడి ప్రభుత్వం అలాంటి అమ్మకాలను నిషేధించింది. మన సెబీ కూడా 2001 మార్చిలో మార్కెట్ కుప్పకూలినప్పుడు కొంతకాలం ఆపింది. ఇప్పటికీ షేర్లు ఇవ్వకుండా అమ్మకాన్ని రోజు దాటించరాదన్నదే నియమం.

ఇక కమీషన్ సంగతి. దలాలీ తీసుకోవడం తప్పు కాదు. ఇబ్నె సీరీన్, అతా, హసన్ వంటి పెద్దలు దలాలీ కూలిలో దోషం చూడలేదని ఇమామ్ బుఖారీ పేర్కొన్నారు. ఏ బ్రోకరు తక్కువ తీసుకుంటాడో పోల్చి చూసుకోవడం కూడా మంచిదే, డబ్బు అమానత్ కదా. కానీ పోల్చవలసింది ఒక్క కమీషనేనా?

ఆ యువకుడితో కూర్చుని లెక్క వేశాను. 50 వేల రూపాయల షేర్లు ఆ రోజే అమ్మి, ఆ రోజే కొంటే, అమ్మకానికి 15, కొనుగోలుకు 15 కమీషన్. దాని మీద 18 శాతం జీఎస్టీ. అమ్మకం మీద లావాదేవీ పన్ను 12 రూపాయల 50 పైసలు. స్టాంపు సుంకం, ఎక్స్చేంజీ రుసుము కలిపితే మొత్తం 50 రూపాయలు దాటుతుంది. చూడటానికి ఒక టీ, బిస్కెట్ల ఖర్చు. రోజుకు అయిదుసార్లు, నెలకు 20 రోజులు చేస్తే 5 వేల పైమాటే. పెట్టుబడిలో పదో వంతు ప్రతి నెలా ఖర్చులకే పోతుంది! అదే 50 వేలతో వడ్డీ, మద్యం వ్యాపారాలు లేని కంపెనీ షేర్లు ఒకసారి కొని ఉంచుకుంటే, కొన్నప్పుడు పన్నులు దాదాపు 60 రూపాయలతో తీరిపోతాయి.

సెబీ 2024 జూలైలో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2022-23లో ఇలా ఒకేరోజు షేర్లు కొని అమ్మిన ప్రతి 10 మందిలో ఏడుగురు నష్టపోయారు. నష్టపోయినవారికి ఆ నష్టం మీద మరో 57 శాతం ఖర్చుల రూపంలో పోయింది. కమీషన్ తగ్గేకొద్దీ చేతులు ఆగడం లేదన్నమాట. చవక కమీషన్ ఎవరికి లాభమో ఇక వేరే చెప్పాలా?

అంతా విని అతను కొంతసేపు మౌనంగా ఉన్నాడు. తర్వాత అడిగాడు:

"మరి ఇప్పటిదాకా వచ్చిన లాభం ఏం చేయాలి చాచా?"

పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయమని చాలామంది ధర్మవేత్తలు చెబుతారనీ, పూర్తి లెక్కతో వెళ్ళి ముఫ్తీ సాహెబును అడగమనీ చెప్పాను. ఆ లెక్క కోసమే ఫోనులో మూడు నెలల కాంట్రాక్టు నోట్లు తీశాడు. ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకుంటూ పోయాడు. చివరికి కూడితే, కమీషన్, పన్నులు కలిపి తను లాభమనుకున్న మొత్తం కన్నా ఎక్కువే తేలాయి. ఇచ్చేయడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు.