పాత డబ్బా పళ్లెంలో పోసి చూడు

భద్రాచలం

చిట్టితల్లికి,

ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

చర్ల హాస్టల్ డ్యూటీల్లో పడి థైరాయిడ్ మాత్ర సగం రోజులు మర్చిపోయావట. రక్తపరీక్ష నాలుగు రోజులుందనగా వరసగా మింగి, డాక్టరమ్మ అడిగితే "రోజూ వేసుకుంటున్నా మేడం" అన్నావట. ఆవిడ 50 మోతాదును 75 చేసింది. నువ్వేమో అదీ చాలదు, 100 వేసుకుంటే ఒళ్లు తొందరగా తగ్గుతుందంటున్నావు. మీ అమ్మకు చెప్పలేదులే.

ఈ అబద్ధం నీకంటే ముందు ఆడినదాన్ని నేను.

రిటైరైన ఏడాది సంగతి. లేవగానే చాయ్ పడితేగానీ కాళ్లు కదలని మనిషిని. పరగడుపున మాత్ర వేసుకుని అరగంట, గంట ఆగమంటే నాకది గోడకుర్చీ వేయించినట్టే. నవమి కల్యాణానికి ఇంటినిండా చుట్టాలు దిగితే వారం రోజులు డబ్బా మొహమే చూడలేదు. పరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువొచ్చింది. మధ్యలో మానేశారా అని డాక్టరు అడిగితే అబ్బే అన్నాను. ముప్పై ఏళ్లు పిల్లల్ని హోంవర్కు ఏదని నిలదీసిన పంతులమ్మను, చేయలేదని ఎట్లా ఒప్పుకోను? 50 మైక్రోగ్రాములు 75 అయింది. మళ్లీ అదే కథ, 100 అయింది. ఈసారి భయమేసి ఒక్కరోజు తప్పకుండా మింగాను. నెల తిరిగేసరికి చేతిలో చాయ్ గ్లాసు వణకడం మొదలైంది. ఖమ్మం నుంచి వస్తుంటే కొత్తగూడెం దాటాక బస్సులో గుండె ఎంత దడదడలాడిందంటే, పక్క సీటావిడకు వినబడుతుందేమోనని సంచి ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకున్నా.

ఈ సంగతి వెళ్లి చెబితే డాక్టరమ్మ తిట్టలేదు. 75 మైక్రోగ్రాముల మాత్రల పాత డబ్బా ఉంటే పట్టుకురమ్మంది. ట్రేలో పోసి, పెన్ను మూతతో రెండేసి మాత్రలు పక్కకు జరుపుతూ లెక్కపెట్టింది. వంద మాత్రల డబ్బా, వాడింది అరవై రోజులు. నలభై ఉండాలి. అరవై ఒకటి ఉన్నాయి. ఆ చిన్న చిన్న తెల్ల చుక్కలు చూస్తుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు. "75 మీకు సరిపోయేదేమో, తెలుసుకోనిచ్చారా?" అంది. ఆవిడ 100 రాసింది నా జబ్బుకు కాదు, నా అబద్ధానికి. అప్పుడు మళ్లీ 75కు దించి, ఆరు వారాలాగి పరీక్ష చేయిస్తే అంకె కుదురుకుంది.

ఆరు వారాలెందుకో నీకు గోదారి చెబుతుంది. 2022 జులై వరద చూశావు కదా, 71 అడుగులు దాటింది. 43కి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మన వీధిలో వాన వెలిసి ఎండ కాసినా కరకట్ట దగ్గర స్కేలు మీద నీళ్లు ఎక్కుతూనే ఉంటాయి. ప్రాణహితలో, ఇంద్రావతిలో ఎప్పుడో పడ్డ వాన అది. ఈ మందూ అంతే. ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం తీసుకుంటుంది. మోతాదు మారిస్తే లెక్క నిలకడకు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అందుకే డాక్టర్లు 12.5, 25 చొప్పున జరిపి, ఆగి, చూస్తారు. పదిరోజులకే ల్యాబుకు పరిగెత్తితే కనబడేది పాత నీళ్లే.

ఒక తిరకాసుంది. గోదారి అంకె పెరిగితే నీళ్లెక్కువ, టీఎస్‌హెచ్ పెరిగితే హార్మోను తక్కువ. మెదడు కింద పిట్యూటరీ గ్రంథి "ఇంకా కావాలి" అని థైరాయిడ్‌ను కేకేయడమే అది. నువ్వు చివర్లో మింగిన నాలుగు మాత్రలతో ఆ కేక ఆగదు. రక్తంలో హార్మోను బాగానే ఉండి కేక మాత్రం గట్టిగా ఉందంటే, అనుభవమున్న డాక్టరుకు అనుమానం రానే వస్తుంది.

ఇక ఒళ్లు తగ్గడమంటావా, ఎక్కువైన హార్మోను కండను కరిగిస్తుంది, ఎముకను గుల్ల చేస్తుంది, గుండె లయ తప్పిస్తుంది. దానికంటే నీ పాత జాకెట్ల కుట్లు విప్పుకోవడం నయం.

జీవితాంతం మింగాలా అని ఏడ్చావు. 1891లో ఇంగ్లండులో జార్జి ముర్రే అనే డాక్టరు ఒకామెకు గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించాడు. ఆ మందు మీదే ఆమె 1919 దాకా, 28 ఏళ్లు బతికింది. ఆ కాలంలో గొర్రె గ్రంథిని వేయించుకు తిన్న రోగులూ ఉన్నారు. నీకు వచ్చిన కష్టమల్లా చాయ్ ఒక గంట ఆలస్యం.

హాస్టల్లో పిల్లలతో పాటు నువ్వూ ఐరన్ మాత్ర వేసుకుంటావుగా, దానికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. నెల తప్పిందని అనుమానం వస్తే మాత్రం ఆరు వారాలూ గీరు వారాలూ చూడకు, ఆ రోజే డాక్టరుకు చెప్పు. కడుపుతో ఉన్నప్పుడు మోతాదు సాధారణంగా పెంచాల్సి వస్తుంది.

100 మాట మర్చిపో. 75 మొదలుపెట్టాలా, 50నే సక్రమంగా వేసుకుని చూడాలా అన్నది ఆవిడే తేల్చాలి. నన్నడగకు. శనివారం పొద్దున బస్సుకు రా, ఇద్దరం వెళదాం. బయల్దేరే ముందు పాత డబ్బా పళ్లెంలో పోసి లెక్కపెట్టి, ఎన్ని మిగిలాయో చీటీ మీద రాసుకో. నోటితో చెప్పలేకపోతే ఆ చీటీ ఆవిడ బల్ల మీద పెట్టు. నేను బయట బెంచీ మీద కూర్చుంటాలే.

ఇట్లు,
మీ పెద్దమ్మ