విజయం ఎవరిది?

బిలాస్‌పూర్‌లోని దయాల్‌బంద్‌లో నివసించేవారికి రైలు కూత దినచర్యలో ఒక భాగం. ఇక్కడి నుంచి కట్నీ వెళ్లే దారిలో భన్వర్‌టోంక్ కొండ ఎక్కవలసిన బరువైన రైళ్లను వెనుక నుంచి మరొక ఇంజన్‌తో నెట్టించడం రైల్వే వారికి అలవాటైన పద్ధతి. కొండ దాటగానే ఆ ఇంజన్ విడిపోయి వెనుదిరుగుతుంది. గమ్యం చేరిన బండి విషయంలో దాని ప్రసక్తి రాదు. యంత్రం పట్ల ఇందులో అన్యాయమేమీ లేదు. మనిషి పట్ల కూడా ఇంతేనా?

ఈ ప్రశ్న వృత్తిపరమైన సైకిల్ పందాలలో చాలా స్పష్టంగా ఎదురవుతుంది. చూసేవారికి అవి ఒంటరి వీరుల పోటీలుగా తోస్తాయి గాని, నిజానికి జట్టు పోటీలు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతే, అతని వెనుక చక్రాన్ని అంటిపెట్టుకుని వచ్చేవాడికి శ్రమ ఎంతో తగ్గుతుంది. అందువల్ల జట్టులో ఒకరిని నాయకునిగా నిర్ణయించి, తక్కినవారు అతని కోసం గాలికి ఎదురు నిలుస్తారు. నీళ్ల సీసాలు మోస్తారు. ఇట్టివారిని ఫ్రెంచి భాషలో 'డొమెస్టిక్' అంటారు. ఇంటి నౌకరు అని అర్థం. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పోటీని ప్రారంభించిన ఆన్రీ దెగ్రాంజ్, 1911లో మోరిస్ బ్రోకో అనే పోటీదారుని నిందిస్తూ వాడిన మాట అది. నాటి తిట్టు నేడు ఒక వృత్తికి పేరైంది.

1934లో అదే పోటీలో ఇరవై ఏళ్ల రెనే వియెట్టో కొండదారులలో అందరినీ మించిపోతున్నాడు. పిరనీస్ పర్వతాల దిగువ వాలులో ఫ్రెంచి జట్టు నాయకుడు ఆంతొనిన్ మాన్ సైకిల్ చక్రం విరిగింది. వియెట్టో తన చక్రం విప్పి ఇచ్చి, దారి పక్క రాతిగోడ మీద కూర్చుని కన్నీరు పెట్టుకున్నాడు. మరునాడు నాయకుడు మళ్లీ చిక్కుల్లో పడ్డాడని తెలిసి, దిగిన కొండను తిరిగి ఎక్కి తన సైకిల్‌నే అప్పగించాడు. మాన్ విజేత అయ్యాడు. వియెట్టో అయిదవవాడు. 1939లో రెండవ స్థానం దక్కినా, ఆ పోటీలో విజయం అతనికి జీవితాంతం దక్కనే లేదు.

జట్టు కోసం చేసిన పని కర్తవ్యమే గదా, త్యాగమెట్లా అవుతుందని కొందరు అడగవచ్చు. కర్తవ్యం కాళ్ల శ్రమను అడగగలదు. గెలవాలన్న ఆశను వదులుకోవడం మాత్రం మనిషి లోలోపల తానే చేయవలసిన పని. ఆ కన్నీరు నిష్కామ కర్మకు విరుద్ధమని మరికొందరు అనవచ్చు. కాని కోరికే లేనివాడు వదులుకునేది ఏముంది? ఏడుస్తూనైనా ఇచ్చినవాడి విలువ ఆ కన్నీటివల్ల తగ్గదు.

అసలు ధర్మసంకటం ఇచ్చినవాడిది కాదు, పుచ్చుకున్నవాడిది. బహుమతి సొమ్మును సహచరులకు పంచడం విజేతలు పాటించే ఆచారం. సొమ్మును పంచవచ్చు, పేరును పంచడమే కష్టం. ఈ మాట రాస్తుంటే నా ఉద్యోగ జీవితంలో నాకు ప్రశంసలు తెచ్చిన ఒక నివేదిక గుర్తుకు వస్తున్నది. పాత దస్త్రాలు తిరగేసి దానికి ఆధారాలన్నీ సమకూర్చినది నా కింద పనిచేసిన ఒక గుమాస్తాగారు. సంతకం నాది. ఆయన పదవీ విరమణ సభలో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు కూడా ఆ సంగతి చెప్పలేదు. ఆయన అడగలేదు కనుక చెప్పనవసరం లేదనుకున్నాను.

ఇచ్చినవాడు అడగడు. అందుకే పుచ్చుకున్నవాడు నలుగురిలో చెప్పాలి. చరిత్ర చదువుకున్న నాకు ఇది ముందే తెలియవలసింది.