కర్త యెవ్వడు? – హ్యూగో యుంకర్స్ విమానములు

ఒక కార్యమునందు చేసినవానికిని, చేయించినవానికిని, ప్రేరేపించినవానికిని, ఆమోదించినవానికిని పుణ్యపాపములు సమముగా చెందునని మన పెద్దలు చెప్పుదురు. ఐతే సాధనమును మాత్రమే నిర్మించి, పిదప దానిని పరులు బలాత్కారముగా లాగుకొనగా చూచుచుండవలసివచ్చిన శిల్పికి ఆ ఫలమునం దెంత పాలు గలదో ఆ ధర్మము విప్పి చెప్పదు. జర్మనీ దేశపు విమాన నిర్మాత హ్యూగో యుంకర్స్ చరిత్రమును తలచినప్పుడెల్ల నన్ను బాధించు శంక యిదియే.

1859లో జన్మించిన ఈ ఆచార్యుడు ఆహెన్ సాంకేతిక విద్యాలయమున బోధించుచు, డెస్సౌ నగరమున గ్యాసుతో నీళ్లు కాచు యంత్రములను చేయించి గడించిన ధనమును విమాన పరిశోధనకు ధారపోసెను. కఱ్ఱచట్రములకు గుడ్డ తొడిగి, తీగలతో బిగించి విమానములు కట్టుచున్న ఆ కాలమున, రెక్క తన బలముచేతనే నిలువవలెననియు, విమానమంతయు లోహముతోనే చేయవచ్చుననియు నమ్మి, 1915 డిసెంబరులో ఉక్కురేకుల విమానమును ఎగిరించి చూపెను. 1919 జూన్ 25న అతని ఎఫ్ 13 ఆకాశమున కెగసెను. ముడుతలు పెట్టిన డ్యూరాల్యూమిన్ రేకులతో ఒడలంతయు కప్పబడి, నలుగురు ప్రయాణికులు గాలివానలకు వెఱవక కూర్చుండుటకు మూసిన గది గల ఆ విమానమే లోకమున మొదటి సంపూర్ణ లోహ ప్రయాణిక విమానము. సంహారమునకు వాడిన విద్యను సమాగమమునకు మరల్చిన ఆ సంకల్పమును నేను మిక్కిలి గౌరవింతును.

1933లో నాజీలు అతనిని బెదరించి, పేటెంటు హక్కులను, సంస్థలో అధిక భాగమును వ్రాయించుకొని, డెస్సౌనుండి వెడలగొట్టిరి. 1935 ఫిబ్రవరి 3న, తన డెబ్బదియారవ జన్మదినముననే, మ్యూనిక్ చెంత గౌటింగున అతడు కన్నుమూసెను. యు 87 అను బాంబరు మొదట ఎగిరినది అతని మరణానంతరము. దానియం దతనిది నామమాత్రము. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా పట్టణమును బాంబులతో కాల్చిన యు 52 మాట అట్లు కాదు. సరకులను, ప్రయాణికులను మోయుటకై అతని సంస్థలో, అతని కాలముననే రూపొందిన విమానమది.

దధీచి తన యెముకలను దేవతల కిచ్చినప్పుడు వానినుండి వజ్రాయుధము పుట్టునని యెఱిగి, సమ్మతించి యిచ్చెను; కనుక వృత్రవధయం దాతనికి భాగము కలదు. యుంకర్స్‌కు ఆ సమ్మతి లేదు. ఐనను అతనిని కేవల నిర్దోషి యనుటకు నా మనస్సొప్పదు. మొదటి మహాయుద్ధమున కవచము తొడిగిన విమానములను రెండువందలకు పైగా సేనకు కట్టి యిచ్చినది యితడే. 1920 దశకమున వెర్సెయిల్స్ సంధి నిషేధములను తప్పించుకొన జూచిన జర్మను సైన్యాధికారుల ప్రోద్బలముతో మాస్కో చెంత ఫిలీలో కర్మాగారమును నడపినది యితడే. లోహపు రెక్క యుద్ధమున కెట్లు పనికివచ్చునో అతడెఱుగనివాడు కాడు, ఎఱిగి చేసినదానిని అతని లెక్కనుండి తుడిచివేయుట న్యాయము కాదు. గెర్నికా విషయమున మాత్రము, ప్రయాణిక విమానమునకు బాంబులు తగిలించినవారే కర్తలని నా నిశ్చయము. వలదని చెప్పగల అధికారమును డెబ్బదినాలుగేండ్ల వృద్ధునినుండి ముందే లాగుకొన్నది ఆ నాజీ ప్రభుత్వమే గనుక.