పట్టూ విడుపూ

అంటీ ముట్టనట్టు ఉండటం మనవాళ్ళ దృష్టిలో గొప్ప గుణం. తామరాకు మీద నీటిబొట్టు సామెత ఊరికే పుట్టలేదు. హోసూరులో పుట్టి పెరిగిన మా మేనల్లుడి వాదన కూడా ఇంచుమించు అదే, కాకపోతే వాడు దానికి వైరాగ్యమని పేరు పెట్టడు. "చదివింది తమిళం, ఉద్యోగం ఇంగ్లీషులో. ఇంకా తెలుగును పట్టుకుని వేళ్ళాడటమెందుకు మామా? దేనికీ అంటుకోనివాడే స్వేచ్ఛగా ఉంటాడు" అంటాడు. జీవశాస్త్రం పాఠాలు చెప్పి బతికినవాణ్ణి గనక నాకు జీవకణం గుర్తుకొచ్చింది.

మన ఒంట్లో చాలా కణాలు తమ చుట్టూ ఉన్న పీచుపదార్థాన్ని పట్టుకుని ఉంటాయి. ఆ పట్టుకునే చేతులే ఇంటెగ్రిన్లు. 1986లో రిచర్డ్ హైన్స్ బృందం ఈ పేరు పెట్టింది. ఒక్కొక్కటీ రెండు ప్రోటీన్ గొలుసుల జంట. మనిషిలో 24 రకాల జంటలున్నాయి. ఒక కొస బయట ఫైబ్రోనెక్టిన్ వంటివాటిని పట్టుకుంటుంది. రెండో కొస కణపొరను దాటి, టాలిన్ అనే ప్రోటీన్ ద్వారా లోపలి అల్లికకు ముడిపడుతుంది.

చెయ్యి అన్నాను గాని, అది చెవి కూడా. పట్టు చిక్కగానే లోపలికి కబురు వెడుతుంది: ఆధారం గట్టిదా మెత్తదా, బతకవచ్చునా, పెరగవచ్చునా అని. ఆ కబురు ఆగిపోతే? ఎపిథీలియల్ కణాలను ఆధారం నుంచి ఊడదీస్తే తమంతట తామే చచ్చిపోతాయని 1994లో ఫ్రిష్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రజ్ఞులు చూపించారు. ఆ చావుకు అనోయికిస్ అని పేరు పెట్టారు. ఇల్లు లేకపోవడమని గ్రీకు అర్థం. ఇల్లు లేకుండానే బతకనేర్చింది క్యాన్సర్ కణం.

సభల్లో వక్తలు సరిగ్గా ఇక్కడే ఆగి చప్పట్లు కొట్టించుకుంటారు. కాని అది సగం మాటే. తెల్లరక్తకణం దేన్నీ పట్టుకోకుండానే నెత్తుటిలో తిరుగుతుంది, హాయిగానే ఉంటుంది. దాని ఇంటెగ్రిన్లు అప్పుడు ముడుచుకుని ఉంటాయి. క్రిములు చేరిన చోటు దగ్గరపడగానే లోపలినుంచి ఆజ్ఞ వస్తుంది, చేతులు చాచుకుంటాయి, రక్తనాళం గోడను పట్టుకుని బయటికి దూరుతుంది. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఈ ఇంటెగ్రిన్ లోపంతో పుడతారు. నెత్తుటిలో తెల్లకణాలు కావలసినన్ని ఉంటాయి, అయినా పుండుకు చీము పట్టదు, జబ్బులు వదలవు, బొడ్డుతాడు కూడా ఆలస్యంగా ఊడుతుంది. ప్లేట్‌లెట్ల సంగతి దీనికి తిరగేసిన లెక్క. వాటి చేతులు వేళగాని వేళ చాచుకుంటే గాయం లేని చోటే నెత్తురు గడ్డకడుతుంది.

పిల్లల తెలుగులో ఒక తమిళ ముక్కో కన్నడ ముక్కో దొర్లితే చాలు, కసిరే పెద్దలు మనలో ఉన్నారు. అదీ గడ్డకట్టడం వంటిదే అంటాను.

కణానికి మనసు లేదు, ధర్మాధర్మాలు లేవు. దాన్ని చూసి మనిషి నడుచుకోవాలనడం తెలివితక్కువ. పట్టుకోవడమంటే బందీ కావడమేనన్న మాట మాత్రం ప్రకృతి శాసించింది కాదని కణం సాక్ష్యం చెబుతుంది. అంతవరకే దాన్ని బోనెక్కించవచ్చు.

నేలమీద పాకే కణం ముందువైపు కొత్త పట్టు దొరకబుచ్చుకుంటూ వెనకవైపు పాత పట్టు వదులుతుంది. పట్టు మరీ బిగువైతే కదలలేదు, మరీ వదులైతే కాలూనలేదు. వెనకపట్టు ఊడేటప్పుడు కొన్ని ఇంటెగ్రిన్లు పొరముక్కలతో సహా తెగి నేలమీదే ఉండిపోతాయి. రంగువేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, కణం ఎటునుంచి వచ్చిందో ఆ జాడ కనబడుతుంది.